ఇంగ్లండ్ పల్లెలో ఇల్లు తీసుకున్నారా? పారిష్ కౌన్సిల్‌తో పని ఇలా

మార్చిలో వచ్చే కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో చాలామంది కింద ఉన్న మొత్తం ఒక్కటే చూస్తారు. నిట్టూర్చి, డైరెక్ట్ డెబిట్ పెట్టేసి, కాగితాన్ని సొరుగులో పడేస్తారు. ఈసారి దాన్ని బయటికి తీసి వరసగా చదవండి. కౌంటీకి ఇంత, డిస్ట్రిక్ట్‌కి ఇంత, పోలీసులకి, ఫైర్ సర్వీసుకి ఇంత అని ఉంటుంది. వాటి మధ్య మీ ఊరి పేరుతో ఓ చిన్న పద్దు కనిపిస్తుంది. అదే మీ ఊరి స్థాయి కౌన్సిల్, అంటే పారిష్ కౌన్సిల్ వాటా, ప్రీసెప్ట్ అంటారు. మొత్తం చిన్నదే. కానీ ఆ డబ్బు ఎలా ఖర్చు పెడుతున్నారో ఎదురుగా కూర్చుని వినగలిగే చోటు మీకు నడక దూరంలోనే ఉంటుంది.

రెడింగ్, స్లౌ లాంటి పట్టణాల్లో ఉన్నంతకాలం మనలో ఎవరికీ ఈ కౌన్సిల్ గొడవ పట్టదు. పిల్లల స్కూలు కోసమో, పెరడున్న ఇల్లు కోసమో పల్లెకి మారాక, పక్కింటాయన గోడ కడుతున్నాడనో, పార్కులో ఉయ్యాల విరిగిందనో, విలేజ్ హాల్లో బర్త్‌డే చేయాలనో అవసరం వచ్చి పడుతుంది. అప్పుడు ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్ మొదలవుతుంది. అక్కడిదాకా రాకముందే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

ఎవరి పని ఏదో ముందు విడదీసుకోండి

ఈ పారిష్ కౌన్సిళ్ళు 1894 చట్టంతో పుట్టాయి. అప్పటిదాకా చర్చి పెద్దల చేతుల్లో ఉన్న ఊరి పనుల్ని విడదీసి, ఎన్నికైన వాళ్ళకి అప్పగించారు. అందుకే పేరులో పారిష్ ఉన్నా దీనికీ గుడి వ్యవహారాలకీ సంబంధం లేదు. చర్చికి వేరే కమిటీ ఉంటుంది. ఇంగ్లండ్ మొత్తమ్మీద పారిష్, టౌన్ కౌన్సిళ్ళు కలిపి సుమారు 10,000 ఉన్నాయి.

రోడ్డు గుంతలు, స్కూళ్ళు, లైబ్రరీ, పొలాల మధ్య నడిచే ఫుట్‌పాత్‌లు కౌంటీవి. బిన్లు, ప్లానింగ్ అనుమతులు, ఓటర్ల జాబితా, ట్యాక్స్ వసూలు డిస్ట్రిక్ట్‌వి. పారిష్‌కి మిగిలేవి పిల్లల ఆటస్థలం, బెంచీలు, బస్ షెల్టర్, అలాట్‌మెంట్లు (అద్దెకిచ్చే కూరగాయల మడులు), శ్మశానం, ఊరి పచ్చిక, కుక్కల చెత్త వేసే డబ్బాలు, కొన్ని ఊళ్ళలో వీధిదీపాలు. కార్న్‌వాల్, విల్ట్‌షైర్ లాంటి చోట్ల 2009 నుంచి, బకింగమ్‌షైర్‌లో 2020 నుంచి, సోమర్సెట్, నార్త్ యార్క్‌షైర్‌లలో 2023 నుంచి కౌంటీ, డిస్ట్రిక్ట్ కలిసిపోయి ఒకటే కౌన్సిల్ నడుస్తోంది. రెండంచెలు మిగిలిన చోట్ల కూడా అలాగే కలపాలని 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చింది. కాబట్టి మీ బిల్లు మీద ఏ పేర్లున్నాయో చూసుకుని, దాన్నిబట్టి నడుచుకోండి.

గుంత గురించి పారిష్‌కి మెయిల్ రాస్తే వాళ్ళు చేయగలిగింది దాన్ని కౌంటీకి పంపడమే. ఆ పని మీరే చేసుకోవచ్చు. ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి, మ్యాప్ మీద చోటు చూపించి, ఫోటో పెడితే అది ఎవరిదో వాళ్ళకే చేరుతుంది.

ఓటు నమోదు చేసుకోండి

ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. భారత పాస్‌పోర్టు ఉండి, వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఇక్కడ ఉంటున్నవాళ్ళకీ ఓటుంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి ఈ వెసులుబాటు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇచ్చి అయిదు నిమిషాల్లో నమోదు కావచ్చు. క్రెడిట్ స్కోరుకీ పనికొస్తుంది. 2023 మే నుంచి ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో పోలింగ్ బూత్‌కి ఫోటో ఉన్న గుర్తింపు తీసుకెళ్ళాలి. మన పాస్‌పోర్టు చెల్లుతుంది.

పారిష్ వ్యవహారాల్లో ఓటరు అన్న హోదాకి విలువ ఎక్కువ. కింద చెప్పబోయే పనుల్లో కొన్ని ఓటర్ల సంతకాలతో నడిచేవే.

నోటీస్ బోర్డు చదవడం అలవాటు చేసుకోండి

పోస్టాఫీసు పక్కనో, హాలు గోడకో, బస్ స్టాప్ దగ్గరో అద్దాల తలుపున్న బోర్డు ఒకటి ఉంటుంది. తాళం క్లర్క్ దగ్గర ఉంటుంది. అందులో యోగా క్లాసు, తప్పిపోయిన పిల్లి కాగితాల మధ్య ఎజెండా అని ఒక ఏ4 షీటు వేలాడుతుంది. చట్ట ప్రకారం మీటింగ్‌కి కనీసం మూడు పూర్తి రోజుల ముందు అది పెట్టాలి. పెట్టిన రోజు, మీటింగ్ రోజు లెక్కలోకి రావు. అందుకే గురువారం మీటింగ్ అయితే మామూలుగా ముందటి శుక్రవారానికల్లా కాగితం కనిపిస్తుంది.

ఆ షీటు కింద సంతకం క్లర్క్‌ది. మన పంచాయతీ కార్యదర్శి లాంటి పోస్టు ఇది. మామూలుగా కౌన్సిల్లో జీతం తీసుకునేది ఈ ఒక్కరే, అది కూడా చాలా ఊళ్ళలో వారానికి కొన్ని గంటల ఉద్యోగం. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్ళే ఎక్కువ. పొద్దున్న మెయిల్ పెట్టి, సాయంత్రానికి జవాబు రాలేదని రెండోది పెట్టకండి.

ఇంకో సంగతి. మన ఊళ్ళో సర్పంచ్ ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చుని చెప్పుకుంటే పని కదిలేది. ఇక్కడ మీటింగ్ నడిపే చైర్ ఇంటి తలుపు తడితే టీ ఇస్తారేమో గానీ పని కాదు. చైర్‌ని ఏటా మే నెలలో కౌన్సిలర్లే తమలో ఒకర్ని ఎన్నుకుంటారు. ఆ మనిషికి సొంతంగా ఏ నిర్ణయం తీసుకునే అధికారమూ లేదు. కౌన్సిలర్లలో ఎవరికీ లేదు. నిర్ణయం అంటూ జరిగితే ఎజెండాలో ఉన్న విషయం మీద, మీటింగ్‌లో, చేతులెత్తి ఓటేశాకే. ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలా నెలలు కలిసొస్తాయి.

వెబ్‌సైట్‌లో గత ఏడాది మినిట్స్, అంటే మీటింగుల్లో ఏం జరిగిందో రాసిన కాగితాలు ఉంటాయి. మీటింగ్‌కి వెళ్ళేముందు రెండు మూడు చదవండి. ఏ సందు గురించి ఎన్నాళ్ళుగా గొడవ నడుస్తోందో, డబ్బు దేనికి పోతోందో, ఎవరు దేని గురించి మాట్లాడతారో తెలిసిపోతుంది.

మొదటిసారి ఫిర్యాదుతో కనిపించకండి

పనేమీ లేనప్పుడే ఒక మీటింగ్‌కి వెళ్ళి కూర్చోండి. ఇది నా గట్టి సలహా. ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1960 నాటి చట్టం ప్రకారం మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు. జీతాలు, కోర్టు వ్యవహారాలు లాంటివి వచ్చినప్పుడు మాత్రం బయటికి వెళ్ళమని తీర్మానం చేస్తారు. 2014 నిబంధనల తర్వాత రికార్డు చేసుకోవడానికి కూడా హక్కుంది, అయితే వచ్చిన మొదటి రోజే ఫోన్ తీసి నిలబెడితే అందరూ బిగుసుకుపోతారు.

సాధారణంగా రాత్రి ఏడింటికో ఏడున్నరకో మొదలవుతుంది. హాల్లో మడత టేబుళ్ళు మూడు వైపులా కలిపి వేస్తారు. క్లర్క్ ముందు కాగితాల దొంతర, చైర్ ముందు మంచినీళ్ళ గ్లాసు. జనం కోసం ఓ పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి, చాలాసార్లు అవి ఖాళీ. చలికాలమైతే కోటు విప్పకండి, హాలు వేడెక్కేసరికి మీటింగ్ అయిపోతుంది. ఎజెండా కాపీలు తలుపు దగ్గర పెడతారు, ఒకటి తీసుకోండి.

ముందు రానివాళ్ళ పేర్లు చదువుతారు. తర్వాత ఎవరికైనా ఏ విషయంలోనైనా సొంత ప్రయోజనం ఉంటే చెప్పాలి. కిందటి మినిట్స్ ఆమోదిస్తారు. ఆ తర్వాతే జనానికి మాట్లాడే సమయం ఇస్తారు. చాలా కౌన్సిళ్ళలో ఇది మొత్తం పావుగంట, మనిషికి మూడు నిమిషాలు. వచ్చి కూర్చోవడం మీ హక్కు, మాట్లాడటం మాత్రం కౌన్సిల్ తన నియమాల్లో ఇచ్చిన అవకాశం. ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఆ పావుగంట దాటాక మీ గురించే చర్చ జరుగుతున్నా నోరు మెదపకూడదు. మనకి కష్టంగానే ఉంటుంది, మధ్యలో అందుకోవడం మన రక్తంలో ఉంది కదా! చేయెత్తి, చైర్ మీవైపు చూసి తలూపితే అప్పుడు మాట్లాడండి. సార్, మేడమ్ అక్కర్లేదు, చైర్ అంటే చాలు.

2021 ఫిబ్రవరిలో చెషైర్‌లోని హ్యాండ్‌ఫర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్ వీడియో ఒకటి వైరల్ అయింది. జాకీ వీవర్ అనే అధికారిణి అరుస్తున్న కౌన్సిలర్లని ఒక్కొక్కర్నీ మీటింగ్‌లోంచి తీసేస్తుంటే దేశమంతా నవ్వుకుంది. అలాంటి సినిమా ఆశించి వెళ్తే నిరాశే. గడ్డి కోసే కాంట్రాక్టు మీద ఇరవై నిమిషాలు మాట్లాడతారు. పైగా 2021 మే నుంచి కౌన్సిలర్లంతా మళ్ళీ హాలుకొచ్చే ఓటేయాల్సి వచ్చింది.

మీటింగ్ అయ్యాక వెంటనే కారెక్కకండి. కుర్చీలు ఎత్తడానికి ఒక చెయ్యి వేయండి. అసలు సంగతులు అక్కడే తెలుస్తాయి.

ఒక పని కావాలంటే కాగితం తయారు చేయండి

బస్ స్టాప్ దగ్గర బెంచీ కావాలనుకుందాం. మాట్లాడే సమయంలో లేచి "బెంచీ వేయించండి" అంటే, "సరే, నోట్ చేసుకున్నాం" అంటారు. అక్కడితో సరి. ఎజెండాలో లేని దాని మీద వాళ్ళు నిర్ణయం తీసుకోకూడదు. అందుకని మీటింగ్‌కి కనీసం పది రోజుల ముందు క్లర్క్‌కి మెయిల్ పంపండి. రాసేది ఇంగ్లీషులోనే అయినా సరుకు ఇలా ఉండాలి:

"నేను ఫలానా లేన్‌లో ఉంటాను. హాలు ఎదుటి బస్ స్టాప్‌లో కూర్చోడానికి ఏమీ లేదు. ఉదయం బస్సు కోసం పెద్దవాళ్ళు చర్చి గోడకి ఆనుకుని నిలబడుతున్నారు, ఫోటో జత చేశాను. స్టాప్ వెనక ఉన్న గడ్డి స్థలం కౌంటీదని అనుకుంటున్నాను, దయచేసి నిర్ధారించగలరా? ఇలాంటి బెంచీకి రెండు ధరలు కనుక్కున్నాను, అవీ జత చేశాను. తర్వాతి మీటింగ్ ఎజెండాలో దీన్ని చేర్చగలరా? నేను వస్తాను."

ఇందులో ఆరోపణ లేదు, "మేం ట్యాక్స్ కడుతున్నాం" అన్న మాట లేదు. స్థలం ఎవరిది అన్న ప్రశ్న ఉంది, అదే ముఖ్యం. రోడ్డు అంచు గడ్డి కౌంటీదైతే లైసెన్స్ తీసుకోవాలి. క్లర్క్‌కి ఎక్కువ సమయం పట్టేది ఈ ఆరాకే. మీరు ముందే కదిపితే ఒక నెల కలిసొస్తుంది.

డబ్బు కావాల్సిన కోరికైతే ఇంకో లెక్క చూసుకోవాలి. వచ్చే ఏడాది బడ్జెట్‌ని కౌన్సిళ్ళు శీతాకాలంలో తయారు చేసి, మామూలుగా జనవరికల్లా ప్రీసెప్ట్ తేల్చేస్తాయి. ఏప్రిల్ 1న కొత్త ఏడాది మొదలు. ఫిబ్రవరిలో వెళ్ళి కొత్త ఉయ్యాల అడిగితే ఏడాది ఆగాల్సిందే. అక్టోబర్‌లో అడగండి. ఖర్చు ఎంత బరువో చెప్పడం కూడా తేలికే. ఊళ్ళో బ్యాండ్ డి (ట్యాక్స్ లెక్కకి ప్రమాణంగా తీసుకునే ఇంటి స్థాయి) లెక్కన 400 ఇళ్ళున్నాయనుకోండి. 4,000 పౌండ్ల ఉయ్యాల అంటే ఇంటికి ఏడాదికి 10 పౌండ్లు. ఈ లెక్క మీరే వేసుకుని వెళ్తే ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసే తీరు మారిపోతుంది.

అలాట్‌మెంట్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి ఇది బాగా పనికొచ్చే హక్కు. కూరగాయలు పండించుకోడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే మడి ఇది. నిండు మడి అంటే పాత కొలతలో 10 పోల్స్, దాదాపు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. కొత్తవాళ్ళకి సగమే ఇస్తున్నారు, అదే మంచిది, ఆరు సెంట్లు తవ్వితే నడుం మిగలదు. మీ ఊళ్ళో అలాట్‌మెంట్లు లేకపోతే 1908 చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు కలిసి రాతపూర్వకంగా అడగొచ్చు. ఆ వినతిని కౌన్సిల్ పట్టించుకుని తీరాలి. ఉంటే వెయిటింగ్ లిస్టులో ఇవాళే పేరు రాయించండి, కొన్ని ఊళ్ళలో ఏళ్ళు పడుతుంది. గోంగూరకి ఇక్కడి ఎండ చాలదు గానీ సారెల్ అనే ఆకుకూర మన చుక్కకూరకి దగ్గరి చుట్టం. ఒకసారి నాటితే ఏటా తనంతట తానే మొలుస్తుంది, పప్పులోకి పులుపు సరిపోతుంది.

ప్లానింగ్: కోపంతో కాదు, కారణంతో రాయండి

ఊళ్ళో మనుషులు నిజంగా గుమిగూడేది దీని కోసమే. పొలంలో అరవై ఇళ్ళు వస్తున్నాయంటే ఖాళీ కుర్చీలన్నీ నిండిపోతాయి. కానీ అనుమతి ఇచ్చేది పారిష్ కాదు, డిస్ట్రిక్ట్. పారిష్ అభిప్రాయం చెబుతుంది, అంతే. మీరు కూడా నేరుగా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో రాయొచ్చు. మామూలుగా 21 రోజుల గడువుంటుంది. రెండు చోట్లా రాయండి: డిస్ట్రిక్ట్‌కి నేరుగా, పారిష్ చర్చించే రోజు మూడు నిమిషాల్లో నోటితో.

"నా కిటికీలోంచి కనిపించే పొలం పోతుంది, ఇంటి ధర పడిపోతుంది" అని రాస్తే ఆ కాగితం వృథా. ఈ రెండు కారణాలూ ప్లానింగ్ చట్టంలో లెక్కకి రావు. మూలుగులు పక్కన పెట్టి ఇలా రాయండి: "కొత్త దారి కలిసే చోట రోడ్డు వంపు ఉంది, ఎదురుగా వచ్చే కారు కనిపించదు. చలికాలంలో ఆ మూల నీళ్ళు నిలుస్తాయి, జనవరి ఫోటోలు జత చేశాను. పై అంతస్తు కిటికీ మా పిల్లల పడకగదిలోకి నేరుగా చూస్తుంది." రోడ్డు భద్రత, వరద, ఏకాంతం, వెలుతురు, పాత కట్టడాల అందం, ఇవన్నీ అధికారులు తూచి చూడాల్సిన అంశాలు. వందమంది ఒకే లెటర్ మీద సంతకం చేసి పంపేదానికంటే ఇలాంటి ఫోటో ఒక్కటి నయం.

ఇంకోవైపు నుంచి చూద్దాం, దరఖాస్తు మీదే అనుకోండి. వంటిల్లు వెనక్కి పెంచాలి. విడి ఇంటికి వెనకవైపు 4 మీటర్లు, కలిసున్న ఇంటికి 3 మీటర్ల వరకు ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్‌కి చాలాచోట్ల ప్లానింగ్ అక్కర్లేదు. కానీ పల్లెల్లో రెండు చిక్కులున్నాయి. ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా నమోదైనది) అయితే దాని తీరు మార్చే ఏ పనికైనా ముందు అనుమతి తీసుకోవాలి, తీసుకోకపోతే అది నేరమే. ఊరి నడిమి భాగం కన్జర్వేషన్ ఏరియా (పాత అందం కాపాడే ప్రాంతం) అయితే పెరట్లో చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు డిస్ట్రిక్ట్‌కి తెలియజేయాలి. కాండం 7.5 సెంటీమీటర్ల కంటే లావుంటే చాలు, ఈ నిబంధన పడుతుంది. వాస్తు కోసం ఈశాన్యం మూల చెట్టు కొట్టించాలనుకునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

దరఖాస్తు పెట్టేముందు ప్లాన్ కాగితం పట్టుకుని రెండు పక్కల ఇళ్ళకీ వెళ్ళి చూపించండి. బోర్డు మీద చూసి తెలుసుకుంటే వాళ్ళకి కష్టంగా ఉంటుంది, మీ నోటి నుంచి వింటే సగం అభ్యంతరాలు రావు.

ఊరు మొత్తం ఎలా పెరగాలో ముందే రాసిపెట్టుకునే అవకాశం 2011 లోకలిజం చట్టం ఇచ్చింది. దాన్ని నైబర్‌హుడ్ ప్లాన్ అంటారు. ఓటేసినవాళ్ళలో సగానికి మించి ఆమోదిస్తే, అనుమతులు తేల్చేటప్పుడు డిస్ట్రిక్ట్ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. బిల్డర్లు కట్టే సీఐఎల్ అనే రుసుము వసూలు చేసే చోట్ల, ప్లాన్ ఉన్న పారిష్‌కి అందులో 25 శాతం, లేకపోతే 15 శాతం అందుతుంది. ఈ ప్లాన్ కమిటీల్లో కౌన్సిలర్లు కానివాళ్ళకీ చోటుంటుంది. ఎక్సెల్, మ్యాపులు తెలిసిన మనిషి దొరికితే నెత్తిన పెట్టుకుంటారు, మనవాళ్ళకి ఇంతకంటే తేలికైన ప్రవేశం లేదు.

హాలు, పండగ, పబ్

విలేజ్ హాలు చాలా ఊళ్ళలో పారిష్‌ది కాదు, వేరే చారిటీ ట్రస్టుది. బుకింగ్ సెక్రటరీ అని ఒకరుంటారు, వారికే రాయాలి. దీపావళికో, పిల్ల ఓణీల ఫంక్షన్‌కో తీసుకునేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. వంటింట్లో నూనెలో వేయించనిస్తారా? చాలా హాళ్ళలో ఒప్పుకోరు, గారెలు ఇంట్లో వేసి తెచ్చుకోవడమే. దీపం వెలిగించొచ్చా? నిప్పు వద్దంటే బ్యాటరీ దీపాలతో సరిపెట్టుకోవాలి, పొగ అలారం మోగితే ఊరంతా వస్తుంది. మ్యూజిక్ ఎన్నింటికి ఆపాలి? సర్దడానికి పెట్టిన సమయం అద్దెలో కలిసిందా? వెళ్ళేటప్పుడు నేల తుడిచి, చెత్త సంచులు మీ కార్లోనే తీసుకెళ్ళండి. తర్వాతి బుకింగ్ దీన్నిబట్టే ఉంటుంది.

మన ఖర్చుతో మన అతిథులకి మందు పోస్తే లైసెన్స్ అక్కర్లేదు. టికెట్ పెట్టినా, డబ్బు తీసుకున్నా, హాలుకి లైసెన్స్ లేకపోతే డిస్ట్రిక్ట్‌కి టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఇవ్వాలి. రుసుము 21 పౌండ్లు, 10 పనిదినాల ముందు, ఒకేసారి 499 మంది వరకు.

వేసవిలో ఫీట్ అనే ఊరి సంబరం జరుగుతుంది. కేకుల స్టాల్‌కి ఒక ట్రే పంపండి. అరిసెలు, చెక్కలు చక్కగా అమ్ముడుపోతాయి. నువ్వులు, వేరుశనగ ఇక్కడి 14 అలర్జీ పదార్థాల్లో ఉన్నాయి కాబట్టి ఏమేం వేశారో ఒక కార్డు మీద రాసిపెట్టండి. నవంబర్ రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర రిమెంబ్రన్స్‌కి, అంటే యుద్ధాల్లో పోయినవాళ్ళని తలచుకునే కార్యక్రమానికి పది నిమిషాలు ముందు వెళ్ళి నిలబడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా విదేశాలకి వెళ్ళి యుద్ధంలో పనిచేశారు, అక్కడ నిలబడటానికి మనకీ కారణముంది.

ఊళ్ళో ఉన్న ఒక్క పబ్బో, ఒక్క షాపో మూతపడబోతోందని వినిపిస్తే ఆలస్యం చేయకండి. 2011 చట్టం కిందే దాన్ని అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వేల్యూగా నమోదు చేయించవచ్చు. పారిష్ కౌన్సిల్ అడగొచ్చు, లేదా కనీసం 21 మంది స్థానికులు కలిసి అడగొచ్చు. నమోదయ్యాక యజమాని అమ్మకానికి పెడితే, కొనుక్కుంటామని ఊరివాళ్ళు ఆరు వారాల్లో ముందుకొస్తే చాలు, డబ్బు సమకూర్చుకోడానికి మొత్తం ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. ఊరివాళ్ళకే అమ్మి తీరాలని మాత్రం లేదు. ఊరివాళ్ళు వాటాలు వేసుకుని నడిపే షాపులు, పబ్బుల గురించి సలహాకి ప్లంకెట్ యూకే అనే సంస్థ ఉంది.

లెక్కలు అడగండి, తేడా వస్తే ఎక్కడికెళ్ళాలో తెలుసుకోండి

మార్చి 1, జూన్ 1 మధ్య ఏటా ఒక సాయంత్రం పారిష్ మీటింగ్ పెడతారు. ఇది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఓటర్ల మీటింగ్. మన గ్రామసభ లాంటిది. ఇక్కడ మీరు మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు. ఏడాది మధ్యలో అవసరమైతే ఆరుగురు ఓటర్లు కలిసి ఇలాంటి మీటింగ్ పిలవొచ్చు. తీర్మానం కౌన్సిల్‌ని కట్టిపడేయదు గానీ, హాలు నిండా మనుషులు చేతులెత్తాక పట్టించుకోకుండా ఉండటం కష్టం.

ఖాతాలు చూడటానికి ఏటా 30 పనిదినాల గడువు ఇస్తారు, జూలై మొదటి పది పనిదినాలు అందులో తప్పకుండా ఉంటాయి. బిల్లులు, రసీదులు అడిగి చూడొచ్చు. మిగతా రోజుల్లో ఏదైనా సమాచారం కావాలంటే ఎఫ్‌ఓఐ కింద రాయండి, మన ఆర్టీఐ లాంటిదే, 20 పనిదినాల్లో జవాబివ్వాలి.

ఒక కౌన్సిలర్ అసభ్యంగా ప్రవర్తించినా, సొంత ప్రయోజనం దాచినా ఫిర్యాదు డిస్ట్రిక్ట్‌లోని మానిటరింగ్ ఆఫీసర్‌కి. కౌన్సిల్ పనితీరు మీదైతే ముందు క్లర్క్‌కి, వాళ్ళ ఫిర్యాదుల పద్ధతి ప్రకారం. స్థానిక ప్రభుత్వాల అంబుడ్స్‌మన్‌కి పారిష్‌ల మీద అధికారం లేదు, అక్కడికి రాసి నెలలు పోగొట్టుకోకండి.

ఖాళీ కుర్చీలో మీరే కూర్చోవాలనుకుంటే

చాలా పారిష్‌లలో సీట్లకి పోటీయే ఉండదు. మధ్యలో ఎవరైనా మానేస్తే బోర్డు మీద ఖాళీ ఉందని నోటీసు పెడతారు. 14 పనిదినాల్లో పదిమంది ఓటర్లు ఎన్నిక కావాలని అడగకపోతే, కౌన్సిలే ఒకర్ని చేర్చుకోవచ్చు. దీన్ని కో-ఆప్షన్ అంటారు. క్లర్క్‌కి ఒక పేజీ రాసి పంపాలి, మీటింగ్‌లో రెండు ముక్కలు మాట్లాడాలి. ఇంగ్లీషు యాస గురించి బెంగ పెట్టుకోవద్దు, ఆ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళ యాసలు కూడా ఒకరివి ఒకరికి సరిగ్గా అర్థం కావు.

ఓటు వేయడానికి వీసా చాలు గానీ పోటీ చేయడానికి, కో-ఆప్ట్ కావడానికి చాలదు. భారత పౌరులకి ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఉండాలి. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకి ఆ గొడవ లేదు. 18 ఏళ్ళు నిండాలి. పారిష్ ఓటరై ఉండాలి, లేదా గత 12 నెలలుగా ఊళ్ళోనో, మూడు మైళ్ళ లోపో నివసిస్తూ ఉండాలి. ఊళ్ళోనే ఉద్యోగమో, స్థలమో ఉన్నా సరిపోతుంది. ఎన్నికలకైతే ఊరి ఓటర్లు ఇద్దరు నామినేషన్ మీద సంతకం చేస్తే చాలు, డిపాజిట్ లేదు.

ఎంపికయ్యాక మొదటి మీటింగ్‌లోనో, అంతకుముందో పదవి స్వీకరిస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలి. అది పెట్టకుండా ఓటేయకండి. 28 రోజుల్లో మీ ఉద్యోగం, ఇల్లు, ఆ ప్రాంతంలో ఉన్న ఆస్తులు రిజిస్టర్‌లో రాయాలి. భార్యవో భర్తవో కూడా రాయాలి. అది డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. మీ ఇంటికో, మీ వ్యాపారానికో సంబంధించిన విషయం ఎజెండాలో వస్తే ముందే చెప్పి బయటికి వెళ్ళాలి. కావాలని దాస్తే క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది.

ఇండియాకి పొడుగు సెలవు మీద వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వరసగా ఆరు నెలలు ఏ మీటింగ్‌కీ రాకపోతే సీటు దానంతటదే పోతుంది. అమ్మకి ఆపరేషన్ అనో, తమ్ముడి పెళ్ళి అనో కారణం ఉంటే ఆరు నెలలు నిండకముందే క్లర్క్‌కి రాసి, కౌన్సిల్ చేత ఆమోదింపజేసుకోండి. గడువు దాటాక ఆ ఆమోదం చెల్లదు.